గ్రానైట్‌లో చుక్కలెందుకు, బసాల్ట్‌లో ఎందుకు కనిపించవు?

రెండూ కరిగిన రాయి గడ్డకడితే వచ్చినవే కదా, చూపులో ఇంత తేడా ఎందుకని అడిగారు. రంగునూ గింజనూ, అంటే రాయిలోని స్ఫటికాల సైజునూ, విడదీసి చూడండి. రంగు ఖనిజాలది. గ్రానైట్‌లో సిలికా (ఇసుకలో ఉండే పదార్థం) సుమారు 70 శాతం, బసాల్ట్‌లో 50 శాతం అటూఇటూ. ఇనుము, మెగ్నీషియం ఎక్కువ కాబట్టి బసాల్ట్ నల్లగా ఉంటుంది. గింజ సైజు చెప్పేది చల్లారిన వేగం. గ్రానైట్‌లా కిలోమీటర్ల లోతున వేల, లక్షల ఏళ్లు చల్లారితే స్ఫటికాలు కంటికి కనబడేంత పెరుగుతాయి. పైకి పొంగి బసాల్ట్‌గా గడ్డకట్టే లావాకు అంత వ్యవధి ఎక్కడిది?

దీన్ని చేసి చూపించింది స్కాట్లండ్ భూవిజ్ఞాని జేమ్స్ హాల్, 1798లో. బసాల్ట్ జాతి రాయిని కొలిమిలో కరిగించి గబుక్కున చల్లారిస్తే నల్లటి గాజు వచ్చింది. అదే గాజును మళ్లీ కరిగించి మెల్లగా చల్లారిస్తే గింజకట్టిన రాయి వచ్చింది. సరుకు ఒక్కటే! తర్వాత సున్నపురాయి జాతే అయిన సుద్దను పొడిచేసి తుపాకీ గొట్టంలో కూరి, మూతి బిగించి కొలిమిలో కాల్చాడు. బట్టీలో అయితే కార్బన్ డయాక్సైడ్ ఎగిరిపోయి సున్నం మిగులుతుంది. ఇక్కడ అది పోయే దారి లేదు, సుద్ద గట్టిపడి పాలరాయిలా స్ఫటికాలు కట్టింది. ఒత్తిడికి తట్టుకోలేక గొట్టాలు పేలడమూ మామూలే.

"సున్నపురాయికి వేడి తగిలితే పాలరాయి" అని పాఠాల్లో ఒక్క ముక్కలో తేల్చేయడం నాకు నచ్చదు. పైనున్న రాతి బరువు లేకపోతే వచ్చేది సున్నమే. వ్యాపారంలో గట్టి రాయి ప్రతిదాన్నీ గ్రానైట్ అనడం ఇంకో తలనొప్పి. "బ్లాక్ గ్రానైట్" పేరుతో అమ్మేది చాలావరకు డోలరైటో గాబ్రోనో, అంటే బసాల్ట్ చుట్టాలు.

చేతిలో రాయి ఉంటే ముందు పగలగొట్టండి. ఎండకూ వానకూ మాగిన పైపొర మోసం చేస్తుంది. కొత్త ముఖాన్ని తడిపి, పది రెట్ల భూతద్దంతో చూడండి. గింజలు ఒకదాంట్లో ఒకటి ఇరుక్కుని ఉంటే కరిగి గడ్డకట్టినదో, వేడికీ ఒత్తిడికీ రూపాంతరం చెందినదో. గుండ్రటి రేణువుల మధ్య అతుకు కనిపిస్తే ఇసుకరాయి. ఇసుకరాయి రేణువుల చుట్టూ పగులుతుంది. అదే వేడికీ ఒత్తిడికీ మారి క్వార్ట్‌జైట్ అయ్యాక గింజల్ని చీల్చుకుంటూ పగులుతుంది.

సున్నపురాయికి పల్చటి హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఒక చుక్క చాలు, బుసబుసా పొంగుతుంది. కాల్సైట్ (సున్నపురాయిలోని ఖనిజమే) అతుకున్న ఇసుకరాయీ పొంగుతుంది కాబట్టి, నురగ తగ్గాక ఇసుక రేణువులు మిగిలాయేమో చూడండి. మెగ్నీషియం కూడా ఉండే సున్నపురాయి చుట్టం డోలమైట్ అయితే గీసి పొడి చేస్తే గానీ పొంగదు.