అమ్మానాన్నలతో గార్డా సరస్సు: చుట్టూ తిరగకండి, ఒకచోట ఉండండి

మీరు అడిగింది ఇదీ: సెప్టెంబరులో అమ్మానాన్నలతో మిలాన్‌లో దిగుతున్నారు. చేతిలో మూడు రోజులున్నాయి. కారు అద్దెకు తీసుకుని గార్డా సరస్సును ఒక్క రోజులో చుట్టేసి, మిగతా రెండు రోజులు వేరేచోట పెట్టుకోవచ్చా? లేకపోతే మిలాన్‌కు దగ్గర కాబట్టి కోమో సరస్సుకే వెళ్లడం మేలా? అమ్మగారు పూర్తి శాకాహారి, నాన్నగారికి మోకాళ్ల నొప్పులు అని కూడా రాశారు.

నేను మ్యూనిక్‌లో ఉంటాను. ఆల్ప్స్ కొండల్లోని బ్రెన్నర్ కనుమ దాటి కిందికి దిగితే గార్డాకు నాలుగైదు గంటల దారి. ఇప్పటికి మూడుసార్లు వెళ్లాను. మొదటిసారి మీరు అనుకున్నట్టే చేశాను. స్నేహితులతో కారేసుకుని పొద్దున్నే బయల్దేరి సరస్సు చుట్టూ తిరిగాం. చుట్టూ ఉన్న రోడ్డు సుమారు 150 కిలోమీటర్లు, కాగితం మీద మూడు గంటల పని. తీరా చూస్తే జులై శనివారం, రెండు వరుసల ఇరుకు రోడ్డు, ప్రతి ఊరి ముందు బారులు తీరిన కార్లు, పడమటి ఒడ్డున సొరంగం తర్వాత సొరంగం. ఏ ఊళ్లోనూ పార్కింగ్ దొరకలేదు. రాత్రి పదింటికి గది చేరేసరికి ఆ రోజంతా నీళ్ల దగ్గర గడిపింది గంట కూడా లేదని తెలిసింది. అందుకే మీకు గట్టిగా చెబుతున్నాను, ఒక్క రోజులో చుట్టే ఆలోచన వదిలేయండి.

గార్డా ఇటలీలో అన్నిటికన్నా పెద్ద సరస్సు. సుమారు 370 చదరపు కిలోమీటర్ల వైశాల్యం, 50 కిలోమీటర్లకు పైగా పొడవు, లోతైన చోట 346 మీటర్లు. లొంబార్దియా, వెనెతో, త్రెంతీనో అని మూడు ప్రాంతాలు దాన్ని పంచుకున్నాయి. పేరుకు ఒకటే అయినా చూడటానికి అవి రెండు సరస్సులు. దక్షిణాన వెడల్పుగా, చదునుగా, ఆలివ్ తోటలు, ద్రాక్షతోటల మధ్య సముద్రంలా పరుచుకుని ఉంటుంది. ఉత్తరానికి పోయేకొద్దీ సన్నబడి, రెండు వైపులా కొండలు నిటారుగా నీళ్లలోకి దిగుతాయి. రెండోసారి అమ్మానాన్నలను తీసుకెళ్లినప్పుడు, పడవ తూర్పు ఒడ్డున ఉన్న మల్చేసినే ఊరు దాటాక నాన్న లేచి నిలబడి "ఇది పాపికొండలే" అన్నారు. మాది రాజమండ్రి. గోదావరి అక్కడ కొండల మధ్య ఇరుకవుతుంటే లాంచీలో అందరూ ఒక్కసారిగా మాటలు ఆపేస్తారే, అలాగే మా పడవలోనూ అయింది.

కాబట్టి నా సలహా ఇది. మూడు రోజులూ గార్డాకే ఇవ్వండి. దక్షిణపు ఒడ్డున రైల్వే స్టేషన్ ఉన్న ఊళ్లో గది తీసుకుని అక్కడే ఉండండి. అలాంటి ఊళ్లు రెండు: దెసెన్జానో, పెస్కియెరా. రెండూ మిలాన్-వెరోనా రైలు మార్గంలోనే ఉన్నాయి, మిలాన్ సెంట్రల్ నుంచి గంటన్నర లోపు ప్రయాణం. ప్రాంతీయ రైలు టికెట్ ముందే కొనక్కర్లేదు, ధర మారదు. కాగితం టికెట్ అయితే మాత్రం రైలెక్కే ముందు ప్లాట్‌ఫారం దగ్గరి మెషీన్‌లో ముద్ర వేయించుకోవాలి, లేకపోతే జరిమానా వేస్తారు. నేనైతే పెస్కియెరా అంటాను. సరస్సులోంచి మించో నది బయటికి వెళ్లేది ఆ ఊళ్లోనే. ఊరి చుట్టూ వెనిస్ వాళ్లు కట్టిన కోటగోడలు, వాటి చుట్టూ నీళ్లు. 2017లో యునెస్కో జాబితాలోకి ఎక్కింది. అంతా చదునైన నేల, మోకాళ్లకు హాయి.

కారు వద్దంటున్నది ట్రాఫిక్ ఒక్కదాని కోసమే కాదు. మన లైసెన్సుతో అక్కడ నడపాలంటే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ కూడా ఉండాలి. పాత ఊళ్ల మధ్యలోకి బయటి కార్లు రాకూడని ప్రాంతాలుంటాయి. బోర్డు చూసుకోకుండా దూరితే కెమెరా పట్టేస్తుంది, జరిమానా కాగితం నెలల తర్వాత ఇంటికొస్తుంది.

సిర్మియోనేకు తప్పకుండా వెళ్లండి, అదీ పడవలోనే. సరస్సు మధ్యలోకి వేలు చాపినట్టున్న సన్నటి నేల అది. అక్కడి పాత ఊరి మొదట్లో వెరోనాను ఏలిన స్కలిజేరి వంశంవాళ్ల కోట ఉంటుంది. కోట పక్కనే పడవలు దాచుకోవడానికి గోడలు కట్టిన రేవు, ఇప్పటికీ అందులో నీళ్లు నిండుగా ఉంటాయి. అమ్మ ఆ కోటను అరగంట చూసింది. బురుజు ఎక్కాలంటే మెట్లు చాలానే ఉన్నాయి, నాన్నగారిని కింద రేవు దగ్గర కూర్చోబెట్టండి, ఆయనకు లోటేమీ ఉండదు. కొసన రోమన్ల కాలంనాటి పెద్ద భవనం శిథిలాలున్నాయి. 167 మీటర్ల పొడవు, 105 మీటర్ల వెడల్పు. దాన్ని కతుల్లుస్ గుహలు అంటారు కానీ అవి గుహలూ కావు, కతుల్లుస్ ఇల్లూ కాదు. సిర్మియోనే మీద ప్రేమతో కవిత రాసిన లాటిన్ కవి ఆయన. ఈ భవనం మాత్రం ఆయన పోయాక కట్టింది. పేరు ఏదైనా, ఆలివ్ చెట్ల నీడలో కూలిన గోడల మధ్య నిలబడి మూడు వైపులా నీళ్లు చూడటం నాకు ఆ మూడు ప్రయాణాల్లో అన్నిటికన్నా నచ్చింది. పాత ఊరి నుంచి అక్కడికి కాస్త ఎత్తు ఎక్కాలి, చిన్న టూరిస్టు బండి తిరుగుతుంటుంది, దాన్ని వాడుకోండి. వారంలో ఒక రోజు సెలవుంటుంది, వెళ్లేముందు చూసుకోండి.

సిర్మియోనేలో సరస్సు అడుగు నుంచి గంధకపు వేడినీళ్లు ఊరుతాయి. ఊటలో దాదాపు 70 డిగ్రీల వేడి. ఆ నీళ్లను చల్లార్చి స్నానాల కొలనుల్లో నింపుతారు. నాన్నగారి మోకాళ్ల కోసం రెండు గంటలు అక్కడ గడిపినా మంచిదే. ముందుగా బుక్ చేసుకోండి, ఈత దుస్తులు, నెత్తికి టోపీ లాంటివి ఏం కావాలో కూడా అప్పుడే కనుక్కోండి. పదకొండు దాటాక ఆ ఇరుకు వీధుల్లో జనం భుజాలు రాసుకుంటూ నడవాల్సి వస్తుంది. మొదటి పడవకే వెళ్లండి.

ఉత్తరానికి ఒక రోజు పూర్తిగా ఇవ్వండి. ఇక్కడ ఒక లెక్క ముందే తెలియాలి. దక్షిణపు కొస నుంచి ఉత్తరపు కొస దాకా మామూలు పడవలో నాలుగు గంటల పైమాటే. రానూపోనూ పడవే అంటే రోజు దాంతోనే అయిపోతుంది. మేము పెస్కియెరా నుంచి తూర్పు ఒడ్డు వెంట వెళ్లే బస్సులో మల్చేసినే వెళ్లాం, సుమారు గంటన్నర. బస్సు టికెట్లు పొగాకు దుకాణాల్లో అమ్ముతారు, బయట పెద్ద "టీ" అక్షరం బోర్డు ఉంటుంది. బస్సులో కొంటే కొంచెం ఎక్కువ పడుతుంది.

మల్చేసినేలో కొండమీదికి కేబుల్ కారు ఉంది. సరస్సు సముద్రమట్టానికి 65 మీటర్ల ఎత్తులో ఉంటే, ఈ కారు మోంతె బాల్దో మీద సుమారు 1,760 మీటర్ల దగ్గర దింపుతుంది. రెండు విడతల ప్రయాణం, రెండో విడతలో క్యాబిన్ తన చుట్టూ తాను నెమ్మదిగా తిరుగుతుంది కాబట్టి ఎక్కడ నిలబడినా అన్నీ కనిపిస్తాయి. అమ్మకు ఎత్తంటే టెన్షన్. కళ్లు మూసుకుని ఎక్కింది, సగంలో తెరిచింది, ఇంక మూయలేదు. పైన ఆవుల మెడగంటలు వినిపించే పచ్చిక బయళ్లు, కింద నీలంగా సరస్సు. కింద ఎండ మండుతున్నా పైన చలేస్తుంది, స్వెటర్లు తప్పనిసరి. టికెట్ ఆన్‌లైన్‌లో టైముతో సహా తీసుకోండి, లేదంటే వరసలోనే గంట పోతుంది.

ఊళ్లోని కోట దగ్గర ఒక పాత సంగతి ఉంది. 1786లో జర్మన్ కవి గోథే ఆ కోట బొమ్మ గీస్తుంటే స్థానికులు ఆయన్ను ఆస్ట్రియా గూఢచారి అనుకుని నిలదీశారు. ఆ రోజుల్లో సరిహద్దు అక్కడే ఉండేది మరి. ఉత్తరపు కొసనున్న రివా ఊరు మొదటి ప్రపంచయుద్ధం ముగిసేదాకా ఆస్ట్రియా ఏలుబడిలోనే ఉంది. నాన్నకు దీనికన్నా నచ్చిన కథ ఇంకొకటి. 1439లో వెనిస్ వాళ్లు మిలాన్‌తో యుద్ధంలో సరస్సు మీదికి ఓడలు తేవాలనుకున్నారు. ఆదిజె నది వెంట పైకి తెచ్చి, అక్కణ్ణుంచి ఎడ్లతో, మనుషులతో కొండల మీదుగా లాగించి ఉత్తరపు కొసనే ఉన్న తోర్బొలే ఊరి దగ్గర సరస్సులో దింపారు. కేబుల్ కారు పైనుంచి ఆ వైపు కొండలు చూపిస్తూ చెప్పాను. ఊరొచ్చాక కూడా నాన్న ఆ కథ ఎంతమందికి చెప్పారో.

మల్చేసినే నుంచి ఎదుటి ఒడ్డున ఉన్న లిమోనేకు పడవలో ఇరవై నిమిషాలు. అక్కడ కొండవాలులో మెట్లు మెట్లుగా రాతి స్తంభాలు నిలబడి ఉంటాయి. గుడి పడిపోయి స్తంభాలు మిగిలాయేమో అనుకుంటాం. అవి నిమ్మతోటలు. చలికాలంలో ఆ స్తంభాల మీద దూలాలు, పలకలు, అద్దాలు పరిచి చెట్లను మంచు నుంచి కాపాడేవారు. అంత ఉత్తరాన నిమ్మ పండించి ఆల్ప్స్ అవతలి దేశాలకు అమ్మారు. ఒక తోటను టికెట్ పెట్టి చూపిస్తున్నారు, ఎక్కువేమీ కాదు. 1930ల మొదట్లో రోడ్డు పడేదాకా ఈ ఊరికి పడవలోనో కొండదారినో రావాల్సిందే. ఆ ఊరి కొన్ని కుటుంబాల రక్తంలో గుండెజబ్బుల నుంచి కాపాడేదిగా భావించే ఒక ప్రత్యేకమైన ప్రోటీన్ ఉందని 1970ల్లో మిలాన్ పరిశోధకులు గుర్తించారు. స్టెంట్ వేయించుకున్న నాన్న ఆ మాట విని లిమోనే వీధుల్లో నడుస్తున్న ముసలివాళ్లందరినీ ఆసక్తిగా చూశారు.

తిరుగు ప్రయాణంలో నేను చేసిన తప్పు మీరు చేయకండి. అది ఆదివారం. బస్సు టైంటేబుల్‌లో "ఫెరియాలె" అని, "ఫెస్తీవో" అని రెండు రకాలుంటాయి. జర్మన్‌లో "ఫెరియన్" అంటే సెలవులు కాబట్టి, ఫెరియాలె అంటే సెలవురోజు అనుకున్నాను. నిజానికి దానర్థం పనిరోజు! ఫెస్తీవో అంటే ఆదివారాలు, పండగలు. రాని బస్సు కోసం మల్చేసినే స్టాపులో గంటకు పైగా నిలబడ్డాం. నాన్న మోకాలు ఆ రాత్రి బాగా వాచింది. ఆయన ఒక్క మాట అనలేదు కానీ నాకు ఇప్పటికీ బాధే. ఈ రెండు మాటలూ రాసి పెట్టుకోండి.

గాలి గురించి కూడా చెప్పాలి. పొద్దున ఉత్తరం నుంచి "పెలేర్", మధ్యాహ్నం దక్షిణం నుంచి "ఓరా", రోజూ దాదాపు లెక్కప్రకారం వీస్తాయి. తోర్బొలే దగ్గర తెరచాప కట్టిన పలకల మీద నీళ్లపై దూసుకుపోయేవాళ్లంతా వీటి కోసమే వస్తారు. మధ్యాహ్నం పడవ పైఅంతస్తులో పెద్దవాళ్లకు గాలి ఎక్కువవుతుంది, శాలువా ఉంచుకోండి.

మూడో రోజు వెరోనా. పెస్కియెరా నుంచి రైల్లో పావుగంట, ఇరవై నిమిషాలు. క్రీస్తుశకం 1వ శతాబ్దపు రోమన్ అరేనా, దాని ముందున్న మైదానం, ఎర్బె చౌక్ చాలు. షేక్‌స్పియర్ నాటకంలోని జూలియట్ ఇల్లంటూ, ఆమె బాల్కనీ అంటూ చూపించే చోట వరసలో నిలబడొద్దని నా అభిప్రాయం. ఆ బాల్కనీ 20వ శతాబ్దంలో పెట్టింది. ఓపిక లేకపోతే వెరోనా బదులు లజీజె వెళ్లండి. గోడలున్న చిన్న ఊరు, రేవు పక్కన నీడలో కూర్చోవచ్చు.

అమ్మగారి తిండి సంగతి. "సెన్సా కార్నె, సెన్సా పెషె" అంటే మాంసం, చేప లేకుండా అని. అది సరిపోదు. రిజొత్తో (బియ్యంతో చేసే వంటకం), సూపు లాంటివి మాంసం ఉడికించిన నీళ్లతో చేస్తుంటారు, "బ్రోదో ది కార్నె" ఉందా అని విడిగా అడగాలి. బిగోలి అనే లావు సేమ్యాలాంటి పాస్తాను తరచు చేపతో వండుతారు. మాంతువా వైపు వంటకం తొర్తెల్లి ది జూక్కా ఉంటే తెప్పించండి, గుమ్మడికాయ పూర్ణం పెట్టిన పాస్తా, కాస్త తియ్యగా ఉంటుంది. మా అమ్మ దాని మీద కందిపొడి చల్లుకుని తింది. జున్నుల్లో (చీజ్) చాలావాటికి దూడ కడుపులోంచి తీసిన పదార్థం వాడతారు, పట్టింపు ఉంటే జున్ను వద్దనండి. బిల్లులో "కొపెర్తో" అని మనిషికి రెండు మూడు యూరోలు కనిపిస్తే మోసం కాదు, కూర్చున్నందుకు అక్కడి ఆనవాయితీ. వంటగది ఉన్న గది తీసుకుంటే సూపర్‌మార్కెట్ బియ్యం, పెరుగుతో రాత్రిపూట ఇబ్బందే ఉండదు. సరస్సు పడమటి వైపున్న బ్రెషా జిల్లాలో పంజాబీ కుటుంబాలు చాలా ఉన్నాయి, పప్పులు, మసాలాలు అమ్మే కొట్లు ఆ ఊళ్లలో దొరుకుతాయి.

ఇక కోమో. మిలాన్‌కు దగ్గరే, అందమూ తక్కువేం కాదు. కానీ అక్కడ అందరూ వెళ్లే బెల్లాజో ఊరి సందులన్నీ రాతిమెట్లే, ఒడ్డునే కొండ మొదలవుతుంది. నాన్నగారి మోకాళ్లు బాగుంటే రెండిట్లో ఏదైనా సరే అనేవాణ్ణి. ఇప్పుడైతే గార్డానే, అదీ పెస్కియెరాలో గది. సెప్టెంబరు మొదటి పదిహేను రోజుల్లో అయితే నీళ్లు ఇంకా వెచ్చగా ఉంటాయి. రేవు మెట్ల మీద కూర్చుని కాళ్లు నీళ్లలో పెట్టుకుంటే మా అమ్మను అక్కణ్ణుంచి లేపడానికి రెండుసార్లు పిలవాల్సి వచ్చింది.