రాయడానికి ఏమీ తట్టడం లేదన్న అమ్మాయికి

విశాఖపట్నం

చిరంజీవికి ఆశీస్సులు.

నీ ఉత్తరమూ, దానితో పాటు పంపిన కథా అందాయి. ఉద్యోగం నుంచి ఇల్లు చేరేసరికి రాత్రి ఎనిమిది దాటుతోందనీ, సముద్రం కనిపించే ఊళ్లో ఉండి కూడా కాగితం మీద పెట్టడానికి ఒక్క వాక్యం తట్టడం లేదనీ, ఫోన్‌లో మాత్రం ‘స్ఫూర్తి’ అని పేరు పెట్టుకున్న ఫోల్డర్ నిండా బొమ్మలూ, కొటేషన్లూ, వీడియోలూ పేరుకుపోయాయనీ రాశావు. నీకు సరుకు తక్కువై ఈ ఇబ్బంది రాలేదమ్మా. దాచుకున్నవాటిలో ఏ ఒక్కదాని దగ్గరా రెండో ప్రశ్న అడిగేంతసేపు నువ్వు నిలబడలేదు. ‘ఎంత బాగుందో’ అనుకున్నావు, దాచుకున్నావు, తర్వాతిదానికి వెళ్లిపోయావు. ఇది ఇలా ఎందుకుంది అన్న ప్రశ్న వేసుకున్న రోజున ఆ ఫోల్డర్‌తో నీకు పెద్దగా పని ఉండదు.

నువ్వు రోజూ చూసే ఆర్.కె. బీచ్‌నే తీసుకుందాం. కథలో దాన్ని ‘అనంత సాగరం’ అన్నావు. అనంతం అనేశాక రచయితకు చూడడానికి ఇంకేమీ మిగలదు. అదే చోట కొన్ని నెలల్లో ఇసుక గోడ దాకా కోసుకుపోయి రాళ్లు బయటపడతాయి, మరికొన్ని నెలల్లో పిల్లలు పరుగెత్తడానికి చాలినంత మేట మళ్లీ కనిపిస్తుంది. ఎందుకని? నైరుతి గాలుల కాలంలో కెరటాలు మన తీరానికి ఏటవాలుగా తగిలి, ఇసుకను దక్షిణం నుంచి ఉత్తరానికి తోసుకుపోతాయి. ఆ దారిలో డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కన ఓడరేవు ముఖద్వారమూ, దానికి కట్టిన అడ్డుగోడలూ, ఓడల కోసం లోతుగా తవ్విన కాలువా ఉన్నాయి. దక్షిణం నుంచి రావలసిన ఇసుక అక్కడ ఆగిపోతుంది; ఉత్తరాన ఉన్న బీచ్ మాత్రం తన దగ్గరున్నదాన్ని పోగొట్టుకుంటూనే ఉంటుంది. అందుకని రేవు వాళ్లు ఆగిన ఇసుకను డ్రెడ్జర్లతో తవ్వి, నీళ్లతో కలిపి గొట్టాల ద్వారా తెచ్చి బీచ్ మీద పోయిస్తుంటారు. అంటే ఆదివారం సాయంత్రం జనం కూర్చుని బజ్జీలు తినే ఆ ఇసుకలో కొంత, మనుషులు పనిగట్టుకుని చేరవేసినది.

దీన్ని వెతుక్కుంటూ పోయినవాళ్లకు ఇంకొక సంగతి తగులుతుంది. 1933లో రేవు తెరుచుకున్న ఆ రోజుల్లో, ముఖద్వారాన్ని కెరటాల తాకిడి నుంచి కాపాడే అడ్డుకట్ట కోసం జానస్, వెలెడ్సన్ అనే రెండు పాత ఓడలను కావాలనే ముంచేశారు. ఈ వాక్యం చదివినప్పుడు నాకు కలిగిన సందేహం చాలా చిన్నది. ముంచే ముందు వాటిలోంచి ఏమేం దించుకున్నారు? వంటగదిలోని గిన్నెలు ఎవరింటికి చేరాయి? ఓడ గంటను ఎవరు పట్టుకుపోయారు? చరిత్ర దీనికి జవాబు చెప్పకపోవచ్చు. కథ రాసేవాళ్లకు అదే మేలు. ‘విశాఖ గురించి ఆసక్తికరమైన విశేషాలు’ అని వెతికి ఈ ఓడల సంగతి తెలుసుకుని ఉంటే నీకది ఒక పొడి సమాచారంగా మిగిలిపోయేది. కాళ్ల కింద ఇసుక తగ్గడం చూసి, ఎందుకని అడిగి, ఆ దారిన అక్కడికి చేరావు కాబట్టి ఆ ఓడలకు నీ కథలో బరువు ఉంటుంది. ముందు కన్ను, ఆ తర్వాతే వెతుకులాట. ఈ వరసను తిప్పవద్దని గట్టిగా చెబుతాను, ఎందుకంటే ఫోన్ తనంతట తాను చూపించేది ఊరందరికీ చూపించేదే. నీ కాలికి తగిలిన ప్రశ్నతో నువ్వు వెతికితే దొరికేది వేరు.

ప్రకృతి అనగానే అరకు వెళ్లాలనీ, బొర్రా గుహలు చూడాలనీ మీ వయసువాళ్లు అనుకుంటారు. వెళ్లండి, తప్పేమీ లేదు, కానీ అక్కడ కథ కాచుక్కూర్చుని ఉండదు. పెద్ద గాలివానలు వచ్చి వెళ్లాక తీరం మీద నల్లటి చారలూ, వాటి పక్కన ముదురు ఎరుపు చారలూ కనిపిస్తాయి. చాలామంది వాటిని మురికి అనుకుంటారు. నల్లగా ఉన్నది ఇల్మెనైట్, ఎర్రగా ఉన్నది గార్నెట్. తేలికైన ఇసుకను కెరటం లాక్కుపోగా బరువైన ఈ ఖనిజాలు వెనక మిగిలిపోతాయి. భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బలను ఫొటోల కోసం చూసేవాళ్లే ఎక్కువ. వేల ఏళ్ల కిందట గాలీ సముద్రమూ పోగేసిన ఇసుక, దానిలోని ఇనుము తుప్పుబట్టి అలా ఎర్రబడిందనీ, ఆ లోతైన చీలికలను వాన నీళ్లే కోశాయనీ తెలిసి చూస్తే, వాన పడుతున్నప్పుడు వెళ్లి ఆ నీరు ఏ రంగులో పారుతుందో చూడాలనిపిస్తుంది.

తాబేళ్ల మాట కూడా చెప్పనీ. శీతాకాలం చివర ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రిపూట మన ఒడ్డుకు వచ్చి ఇసుకలో గుడ్లు పెట్టి వెళ్లిపోతాయి. కుక్కల బారిన పడకుండా అటవీశాఖ వాళ్లు వాటిని ఏరి, కంచె వేసిన చోట తిరిగి పాతిపెడతారు. పుట్టేది ఆడా మగా అన్నది ఇసుక వేడిమిని బట్టి తేలుతుంది. వేడి ఎక్కువైతే ఆడ పిల్లలు ఎక్కువ. గుడ్డులోంచి బయటపడ్డ పిల్ల వెలుతురు ఎక్కువగా ఉన్న దిక్కుకు నడుస్తుంది. మనుషులు లేని తీరంలో ఆ దిక్కు సముద్రం. మన బీచ్ రోడ్డు మీద ఆ దిక్కు ఏదో నువ్వే ఊహించుకోగలవు. దీని మీద నేను ఒక్క ముక్క కూడా రాయలేదు, కావాలంటే నువ్వు తీసుకో.

కళ విషయంలో నా సలహా కొంత మొరటుగా ఉంటుంది. బొమ్మ బాగుందా లేదా అన్నది రచయితకు పెద్దగా అక్కరకు రాదు. గీసినవాడు దేన్ని పెద్దది చేశాడు, దేన్ని మూలకు నెట్టాడు, దేన్ని అసలు వదిలేశాడు అన్నదే అక్కరకు వస్తుంది. హొకుసాయ్ అనే జపాన్ చిత్రకారుడు డెబ్బై ఏళ్ల వయసులో, 1831 ప్రాంతంలో, చెక్క అచ్చు కోసం గీసిన ‘కనగావా మహా కెరటం’ టీషర్టుల మీదా ఫోన్ కవర్ల మీదా నీకు కనిపించే ఉంటుంది. న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం 2017 నుంచి, కాపీహక్కులు తీరిపోయిన తన కళాఖండాల చిత్రాలను ఎవరైనా ఉచితంగా తీసుకునేలా ఇంటర్నెట్‌లో ఉంచింది. ఈ అచ్చు ప్రతి అందులో ఉంది. దాన్ని పెద్ద తెర మీద తెరిచి, దగ్గరకు లాగి చూడు. అందరికీ గుర్తుండేది కెరటం. దాని కింద మూడు పడవలున్నాయి, వాటిలో ఒకరి వెనక ఒకరు వంగిపోయి తెడ్లను కరుచుకున్న మనుషులున్నారు. పట్టిన చేపను త్వరగా నగరానికి చేర్చే రకం పడవలవి. అంత పెద్ద ఫుజి పర్వతం వెనకెక్కడో చిన్న గుట్టలా ఉంది.

అది చూశాక ఒక వేకువజామున మన ఫిషింగ్ హార్బర్‌కు వెళ్లు. బోట్లూ, వేలంపాట కేకలూ, ఐసు కొట్టే చప్పుడూ మొదట నిన్ను లాగేస్తాయి, అవన్నీ కెరటం. వాటి కింద ఎవరున్నారో చూడు. పాటలో సరుకు దక్కని ఆవిడ ఖాళీ గంపను ఎలా పట్టుకుంటుందో, దక్కినావిడతో మాట్లాడుతుందో లేదో, బేరం మళ్లీ మొదలుపెట్టడానికి ఎంతసేపు తీసుకుంటుందో చూడు. నెత్తళ్లు, చందువా, వంజరం అని పేర్లు అడిగి తెలుసుకో. ‘రకరకాల చేపలు’ అని రాసే కథకుణ్ణి జాలరిపేట పాఠకుడు రెండో పేజీ దాకా నమ్మడు.

దగ్గర్లో దొరికే కళలో ఏటికొప్పాక బొమ్మలున్నాయి. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డునున్న ఆ ఊరి లక్కబొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. బొమ్మ కొనుక్కుని వచ్చేయక, అవి తయారయ్యే చోట కాసేపు కూర్చో. అంకుడు కర్రను లేత్ మీద తిప్పుతూ ఉలితో ఆకారం తెస్తారు. తర్వాత రంగు కలిపిన లక్క కడ్డీని తిరుగుతున్న కర్రకు అదిమిపెడతారు. ఆ రాపిడి వేడికే లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది. కుంచెతో పని లేదు. నీ కథలో దుఃఖాన్ని కుంచెతో పూశావమ్మా. తల్లీ కూతుళ్లు వాదించుకునే చోట ఆ రాపిడిలోంచే అది పుట్టవలసింది. వాదన అయిపోయాక ‘ఆమె గుండె బరువెక్కింది’ అని నువ్వు విడిగా రాయవలసి వచ్చింది.

ఇంటర్నెట్‌ను నేను తక్కువ చేయడం లేదు. నా చిన్నప్పుడు గ్రంథాలయంలో బీరువాలు తెరిపించుకుని అడగవలసినవి ఇప్పుడు నీ చేతిలో ఉన్నాయి. ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే వెబ్‌సైట్‌లో 1907 నాటి విశాఖపట్నం జిల్లా గెజిటీర్ ఉంది. డబ్ల్యూ. ఫ్రాన్సిస్ అనే అధికారి తయారుచేసిన ఆ పుస్తకంలో దొరల చూపు ఉంటుంది, కాబట్టి జాగ్రత్తగా చదవాలి. అయినా నూట ఇరవై ఏళ్ల కిందట మన ఊరు ఏం అమ్మిందో, ఏ జబ్బులకు భయపడిందో అందులో తెలుస్తుంది. సింహాచలం ఆలయ శాసనాలు దక్షిణ భారత శాసన సంపుటాల్లో అచ్చయ్యాయి. అప్పటి దాతలు దేవుడి ముందు ఆరని దీపానికి ఏమేం ఇచ్చారో చదువుతుంటే, ఒక్కొక్క దీపం వెనకా ఒక కుటుంబం కనిపిస్తుంది. రాత్రి మేడ మీద వినిపించే అరుపు పగిడికంటె అనే చిన్న గుడ్లగూబదో కాదో తేల్చుకోవాలంటే జెనో-కాంటో అనే వెబ్‌సైట్‌లో పక్షుల గొంతులు వినవచ్చు. ఇవన్నీ ఒక్క రాత్రిలో తెరవకు. ఒక ప్రశ్నకు ఒక తలుపు చాలు, జవాబు దొరకగానే ఫోన్ పక్కన పెట్టు.

వెతికినది కాక వేరొకటి దొరకడం కూడా ఈ పనిలో భాగమే. మంగమారిపేట దగ్గరి తొట్లకొండ మీద బౌద్ధ భిక్షువుల విహారం ఉన్న సంగతి, 1970ల్లో నౌకాదళం తన అవసరాల కోసం విమానం నుంచి చేయించిన సర్వేలో బయటపడింది. తర్వాతి తవ్వకాల్లో శాతవాహనుల నాణేలతో పాటు రోమన్ వెండి నాణేలూ దొరికాయి. అలాంటివి ఎదురైనప్పుడు అసలు పని పాడవుతోందని కంగారుపడక, నోట్‌బుక్‌లో ఒక పక్కన రాసి పెట్టు.

నోట్‌బుక్ అన్నాను కాబట్టి ఒక నియమం. అందులో విశేషణాలు రాయకు. ఏ వస్తువు, ఏ నెల, ఎవరు, ఏం చేశారు, ఏమన్నారు, అంతవరకే. ‘అద్భుతమైన సూర్యోదయం’ అని రాసుకున్న పేజీ ఆరు నెలల తర్వాత నీకేమీ తిరిగి ఇవ్వదు. ‘ఐసు ముక్క చప్పరిస్తూ వల బాగుచేస్తున్న కుర్రవాడు’ అని రాసుకున్న పేజీ ఇస్తుంది.

ఇక నీ కథ. చివరి ఘట్టంలో ఎండలు మండే మే నెలలో తండ్రి మరపడవ మీద వేటకు వెళతాడు, కూతురు ఒడ్డున నిలబడి చూస్తుంది. మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, చేపలు గుడ్లు పెట్టే కాలమని, మరపడవల వేటకు నిషేధం ఉంటుంది. ఆ రెండు నెలలూ బోట్లన్నీ హార్బర్‌లోనే కట్టేసి ఉంటాయి, మనుషులు వలలు కుట్టుకుంటూ, అప్పులు చేస్తూ, మరమ్మతులు చేయించుకుంటూ ఉంటారు. కాబట్టి ఆ తండ్రి నిషేధాన్ని తప్పించుకుని దొంగతనంగా వెళుతున్నాడా, లేక నువ్వు నెల మార్చాలా? మొదటిదే అయితే అతనికి అంత అవసరం ఏమొచ్చిందో, కూతురికి ఆ సంగతి తెలుసో లేదో కథ మొదటి పేజీ నుంచే చెప్పవలసి ఉంటుంది, బహుశా ఇప్పుడున్న కథ కంటే అది బలమైన కథ అవుతుంది. హార్బర్‌లో ఇద్దరు ముగ్గురిని అడిగి తేల్చుకున్నాక రెండో ప్రతి పంపు. వేసవిలోనే వెళితే వాళ్లకు నీతో మాట్లాడే తీరిక ఉంటుంది.

ఆశీస్సులతో,
నీ శ్రేయోభిలాషి