వరదలో పోయిన గేదె కళేబరం దొరకకపోతే ప్రభుత్వ సహాయం అందుతుందా?

రెండు గేదెలు వరదలో కొట్టుకుపోయాయనీ, ఒకదాని కళేబరమే దొరికిందనీ, రెండోదానికి సహాయం వస్తుందో రాదో తెలియడం లేదనీ మీరు రాశారు. 2024 సెప్టెంబరు 1న మున్నేరు పొంగినప్పుడు ఖమ్మం జిల్లాలోని మా ఇంటికి సరిగ్గా ఇదే పరిస్థితి వచ్చింది. మాకు రెండింటికీ డబ్బు అందింది, కానీ రెండోదాని కోసం చాలా తిరగవలసి వచ్చింది.

విపత్తు సహాయ నిధికి 2022-26 కాలానికి కేంద్రం పెట్టిన నిబంధనల ప్రకారం పాడి గేదెకు లేదా ఆవుకు 37,500 రూపాయలు, ఎద్దుకు 32,000, దూడకు 20,000, గొర్రెకు లేదా మేకకు 4,000 నిర్ణయించారు. ఎన్ని పోయినా ఇంటికి మూడు పెద్ద పాడి పశువులను మించి లెక్కలోకి తీసుకోకూడదని కూడా అందులో ఉంది. రాష్ట్రం అంతకంటే ఎక్కువ ఇవ్వవచ్చు. ఆ వరదల తరువాత తెలంగాణ ప్రభుత్వం పెద్ద పశువుకు 50,000, గొర్రెకు లేదా మేకకు 5,000 ప్రకటించింది. ఆ సొమ్ముతో మా సంతలో ఈనిన ముర్రా జాతి గేదె రాదన్నది వేరే సంగతి.

ఆ తెల్లవారుజామున నాన్నగారు మోకాలి లోతు నీళ్ళలో కొడవలితో రెండు గేదెల పలుపులు కోయగలిగారు, మిగతా రెండింటి దగ్గరికి వెళ్ళేలోపే పాకలోకి నడుము లోతు నీరు వచ్చేసింది. మూడో రోజున ఒకటి ఊరికి దిగువన తుమ్మకంపలో చిక్కుకుని కనిపించింది. వాసన భరించలేక వెంటనే పూడ్చేయమని అందరూ అన్నా, పశువైద్యుడు వచ్చేవరకు నాన్నగారు ఒప్పుకోలేదు. ఆ వైద్యుడు తడి గోనెపట్టాతో చెవికి పట్టిన బురద తుడిచి, దానికున్న పసుపు గుర్తింపు పోగు మీది పన్నెండు అంకెలను ఒక్కొక్కటిగా చదివి రాసుకున్నారు. నేను తీసిన ఫోటోల్లో గేదె అయితే ఉంది కానీ, ఆ అంకెలు ఒక్కదానిలోనూ కనబడలేదు. మీరు ఆ పొరపాటు చేయకండి.

రెండోది ఎన్నటికీ దొరకలేదు. కళేబరం చూపించనిదే రాయలేమని లెక్కలకు వచ్చిన ఉద్యోగి ఒకరు తేల్చేయడంతో మొదటి జాబితాలో అది లేదు. అప్పుడు మమ్మల్ని ఆదుకున్నది గాలికుంటు టీకా వేసినప్పుడు చెవిపోగు సంఖ్యతో కంప్యూటరులో ఎక్కించిన వివరం. దానికి తోడు ఎదకు సూది (కృత్రిమ గర్భధారణ) వేయించిన కార్డును, ఆగస్టు నెలాఖరు వరకు పాలు పోసినట్టున్న పాలకేంద్రం పుస్తకాన్ని, ఆ గేదె మా పాకలోనే ఉండేదని ఐదుగురు ఇరుగుపొరుగువారు సంతకాలు చేసిన కాగితాన్ని జతచేసి తహసీల్దారు కార్యాలయంలో అర్జీ ఇచ్చి, ముద్ర వేసిన నకలు తీసుకున్నాము. తరువాతి జాబితాలో దాని పేరు వచ్చింది.

డబ్బు నాన్నగారి ఖాతాలో పడవలసి ఉండగా, వాడక ఆగిపోయిన ఆ ఖాతా వల్ల మరికొన్ని వారాలు పోయాయి. కొట్టుకుపోయిన గడ్డివాముకు మాత్రం మాకు ఏమీ రాలేదు.

మీ రెండో గేదె చెవిపోగు సంఖ్య ఇంట్లో ఏ కాగితం మీదా లేకపోతే, మీ మండల పశువైద్యశాలలో యజమాని పేరు, ఫోను నంబరు చెప్పి టీకాల వివరాల్లో వెతికించండి. జాబితా పైకి వెళ్ళిన తరువాత పేరు చేర్పించడం కష్టం కాబట్టి రేపు ఉదయమే వెళ్ళడం మంచిది.