టాంగో సందేహాలు: ఐదో అడుగు దగ్గర తంటా

ప్రశ్న: మేడమ్, మాది రాజమండ్రి. ఉద్యోగం వల్ల మ్యూనిక్‌లో ఉంటున్నాను. ఎనిమిది నెలలుగా అర్జెంటీనా టాంగో నేర్చుకుంటున్నాను. నడక ఫర్వాలేదు గానీ, నాతో చేసే ఆవిడ ఒక కాలిని రెండో కాలి ముందుకి దాటించే అడుగు, అదే క్రాస్, దగ్గరికొచ్చేసరికి టెన్షన్. క్లాసులో ఎవరితో చేసినా చక్కగా కుదురుతుంది. మిలోంగాకి, అంటే టాంగో చేసేవాళ్ళంతా కలిసి నాట్యం చేసే చోటికి, వెళ్తే సగం మంది క్రాస్ చేస్తారు, సగం మంది కాలు వెనక్కి వేసేస్తారు. మొన్న ఒకావిడ పాట మధ్యలోనే "తోయకండి" అంది. నేను తోయలేదు, కుడిచేత్తో కొంచెం గుర్తు చేశానంతే. తప్పెక్కడుంది?
- పేరు వద్దన్న పాఠకుడు

జవాబు: ఆ గుర్తు చేయడాన్నే ఆవిడ తోయడం అంది. చెయ్యి మీది, వీపు ఆవిడది. కొంచెమో ఎక్కువో ఆవిడకే తెలుస్తుంది.

క్లాసులో కుదరడానికి కారణం మీ లీడ్, అంటే మీరు నడిపించే తీరు, కాదు, లెక్క. మొదట్లో నేర్పే ఎనిమిది అడుగుల వరస, బేసిక్‌లో, ఐదో అడుగుకి ఫాలోయర్ (లీడర్ నడిపిస్తే నడిచేవాళ్ళు) ఎడమ కాలు కుడి కాలి ముందుకి వచ్చి క్రాస్ అవుతుందని అందరికీ తెలుసు. టీచర్ "ఐదు" అనగానే వేసేస్తారు. మిలోంగాలో అంకెలు చెప్పేవాళ్ళెవరు? అక్కడ క్రాస్ చేసిన సగం మందిలో కూడా కొందరు అలవాటుగా చేసి ఉంటారు. బ్యూనస్ ఐరిస్‌లో పాత పద్ధతిలో నేర్చుకున్న ఆడవాళ్ళు కొందరు, లీడర్ తమ కుడిపక్కకి తప్పుకుని నడవడం చూస్తే చాలు, అడక్కుండానే క్రాస్ చేసేస్తారు. అది తప్పేమీ కాదు, వాళ్ళ మధ్య ఉన్న ఒప్పందం. మీ లీడ్ సంగతి తేలేది ఆ ఒప్పందం లేనివాళ్ళ దగ్గరే. కాబట్టి వీలైతే మిమ్మల్ని తోయొద్దన్న ఆవిడతోనే ప్రాక్టీస్ చేయండి. ఒప్పుకుంటే మీ అదృష్టం.

ఇక అడుగుల సంగతి. బేసిక్‌లో మొదటిది లీడర్ కుడి కాలు వెనక్కి వేయడం. దాన్ని వదిలేయండి. మిలోంగాలో జంటలన్నీ గడియారం ముల్లుకి ఎదురు దిశలో వరసగా కదులుతుంటాయి. మీరు వెనక్కి అడుగేస్తే మీ వెనకున్నవాళ్ళ మీదే. నేను లీడ్ చేయడం కొత్తగా మొదలుపెట్టినప్పుడు అలాగే ఒక పెద్దాయన బొటనవేలు తొక్కాను. ఆయన ఏమీ అనలేదు. ఆ రాత్రంతా మా జంటకి మాత్రం మూడు గజాల దూరంలో ఉన్నారు.

ఎడమ పక్కకి వేసే అడుగుతో మొదలుపెట్టండి. తర్వాత మీ కుడి కాలు ఆవిడ కుడి పాదం పక్కనుంచి, బయటివైపుగా ముందుకెళ్తుంది. మీ కాళ్ళు బయటికి తప్పుకున్నా ఛాతీ కొంచెం కుడికి తిరిగి ఆవిడ వైపే ఉండాలి. చాలామందికి దెబ్బతినేది ఇక్కడే. భయంతో అడుగు ముందుకి కాక పక్కకి వేస్తారు, ఛాతీ కూడా కాలితో పాటే వెళ్ళిపోతుంది. ఆవిడకి ఎదురుగా మీరు లేరు, మీ చెయ్యి మాత్రమే మిగిలింది. ఇక దాంతో లాగడమో తోయడమో తప్ప ఏముంది?

ఆ తర్వాత మీ ఎడమ కాలు ముందుకి, ఆవిడ కుడి కాలు వెనక్కి. ఈ అడుగుని కుదించకండి. వచ్చేది క్రాస్ కదా అని ముందే బ్రేకు వేస్తే ఆవిడకీ అడుగు చిన్నదైపోయి, క్రాస్ చేయడానికి చోటు మిగలదు. ఇప్పుడు మీ కుడి కాలు ఎడమ కాలి దగ్గరికి చేరుతుంది, ఛాతీ తిన్నగా అవుతుంది, మీరు మళ్ళీ ఆవిడ ఎదురుగా వస్తారు. ముందుకి ప్రయాణం ఆగింది కాబట్టి ఆవిడ ఎడమ కాలు ఇంకా వెనక్కి పోలేదు. ఒంటి కిందికి రావాలంటే కుడి కాలిని దాటుకుని ముందుకి రావాల్సిందే. అదే క్రాస్. మీరు చేసింది నడవడం, ఆగడం, ఎదురుగా రావడం. అంతే.

ఒకసారి చేతులు లేకుండా చేసి చూడండి. ఆవిడ మీ భుజాల కింద పట్టుకుంటుంది, మీ చేతులు కిందికి వేలాడేసి ఉండాలి. పది సార్లకి ఒకటి రెండు కుదిరినా చాలు, మీ ఛాతీ పని చేస్తోందన్నమాట. ఇంట్లో ఒక్కరే ఉంటే చెక్క నేల మీద గీత పట్టుకుని నడవండి. కింద పాదాలవైపు చూడకండి. తల వంగితే ఛాతీ కూడా కుంగుతుంది.

సంగీతం గురించి మీరు అడగలేదు, నేనే చెప్తాను. కార్లోస్ ది సార్లి వాయిద్య బృందం రికార్డులతో ప్రాక్టీస్ చేయండి. ఆయన పుట్టిన ఊరి పేరుతోనే ఉన్న 'బాహియా బ్లాంకా', 1957 రికార్డింగు, దొరుకుతుంది. అందులో నడకకి కావలసినంత చోటుంది. వేగంగా వాయించే ఇంకో బృందం, దరియెన్సోది, దాని జోలికి ఇప్పుడే పోకండి. ఆ వేగంలో కుడిచెయ్యి తనంతట తనే గుర్తు చేయడం మొదలుపెడుతుంది.

నాకు ఇదంతా తెలిసింది లీడ్ చేస్తూ కాదు. బ్యూనస్ ఐరిస్‌లో మూడు నెలలున్నప్పుడు ఒక ప్రాక్టికాలో, అంటే కలిసి సాధన చేసుకునే చోట, డెబ్బై దాటిన ఒకాయన నాతో క్రాస్ చేయించారు. పదో క్లాసు దాకా కూచిపూడి నేర్చుకున్నదాన్ని, పాదం నేల మీద చప్పుడు చేయాలని ఒంట్లో ఉంది. నా ఎడమ కాలు క్రాస్ అవుతూ 'తప్'మని పడింది. ఆయన నవ్వి, మళ్ళీ మొదలుపెట్టారు. రెండోసారి ఆయన చేసిందేమీ నాకు తెలియలేదు. కాలు నేలని రాసుకుంటూ దానంతటది వచ్చి కుడి కాలి పక్కన ఆగింది. వీపు మీద చెయ్యి బరువు ఏమాత్రం మారలేదు. తాము కుర్రవాళ్ళుగా ఉన్నప్పుడు మగవాళ్ళంతా ప్రాక్టికాల్లో ముందు ఫాలోయర్‌గానే నేర్చుకునేవాళ్ళమని, తమని నడిపించే లీడర్లు కూడా మగవాళ్ళేనని చెప్పారాయన. మీరు కూడా నెల రోజులు ఫాలోయర్‌గా చేయండి. సిగ్గనిపిస్తే క్లాసులో కాకుండా ప్రాక్టికాలో చేయండి.

ప్రశ్న: నేను ఫాలోయర్‌ని. లీడర్ అడగకపోయినా నా కాలు క్రాస్ అయిపోతోంది. మానుకోవడం ఎలా?
- బెంగళూరు పాఠకురాలు

జవాబు: పై ఉత్తరం రాసినాయన మీకు దొరికితే బాగుండేది. మీ కుడి కాలు వెనక్కి పడ్డాక, ఎడమ కాలిని వెంటనే దగ్గరికి లాక్కోవడం మానండి. నేలని రాస్తూ నెమ్మదిగా రానివ్వండి. లీడర్ ఇంకా ముందుకొస్తుంటే అది కుడి కాలిని దాటి వెనక్కే పోతుంది, ఆగితే క్రాస్ అవుతుంది. ఆ తేడా తెలిసేది కాలు దారిలో ఉన్నప్పుడే. ముందే చేరిపోయిన కాలికి తెలుసుకునేదేమీ ఉండదు.

క్రాస్ అయ్యాక మాత్రం బరువంతా ఎడమ కాలి మీద వేయండి. సగం సగం వేస్తే ఏ కాలు ఖాళీగా ఉందో ఆయనకి తెలియదు. వేశాక, ఆయన కదిలేదాకా ఆగండి. అడుగు మర్చిపోయి నిలబడ్డాడేమో అని మీకు అనుమానం వస్తుంది. చాలాసార్లు నిజమే. అయినా ఆగండి.