కాంపాక్ట్ కెమెరాతో కెరీర్ మొదలుపెట్టొచ్చా?

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ సెకండియర్. స్ట్రీట్ ఫొటోగ్రఫీలోనే స్థిరపడతానంటూ చిన్న కాంపాక్ట్ కెమెరా కొనివ్వమంటున్నాడు. పెళ్లిళ్లలో చూస్తే అందరి దగ్గరా పెద్ద కెమెరాలే. దీంతో ఏం నేర్చుకుంటాడు?
– ఒక తల్లి, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: అమ్మా, వీధి ఫొటోలనే నమ్ముకుంటే ఇల్లు గడవడం కష్టం. డబ్బు వచ్చేది పెళ్లిళ్లు, ఈవెంట్లు, పత్రికలు, ప్రకటనల పనుల్లోనే. వాటికి కాంపాక్ట్ చాలదు. లెన్స్ మార్చలేం, బ్యాటరీ త్వరగా అయిపోతుంది. కానీ నేర్చుకోవడానికి మాత్రం అదే మేలు. మొజంజాహీ మార్కెట్‌లో పెద్ద లెన్స్ ఎత్తితే జనం పని ఆపి చూస్తారు. అరచేతిలో ఇమిడే కెమెరాను ఎవరూ పట్టించుకోరు.

కొనేదాంట్లో మాన్యువల్ ఎక్స్‌పోజర్ (వెలుతురును మనమే సరిచేసుకోవడం), మాన్యువల్ ఫోకస్ (దూరాన్ని మనమే పెట్టుకోవడం), రా ఫైల్ (కెమెరా మార్పులు చేయని అసలు ఫొటో డేటా) ఉండాలి. జూమ్ ఎంతన్నది వదిలేయండి. సెకండ్‌హ్యాండ్ అయితే అపర్చర్ (లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం) వీలైనంత మూసి తెల్లగోడను తీసి చూడమనండి. మచ్చలు కనబడితే సెన్సార్ (ఫొటోను పట్టే చిప్) మీద దుమ్ము చేరినట్టే. లోపలికీ బయటికీ కదిలే లెన్స్ గాలితోపాటు దుమ్మునూ లాక్కుంటుంది. ఊడదీసి తుడిచే వీల్లేదు, సర్వీస్ సెంటర్‌కు ఇవ్వాల్సిందే. అందుకే జేబులో వేసుకున్నా సంచీలో పెట్టే వేసుకోవాలి.

పాతబస్తీ రద్దీలో ఆటోఫోకస్ వెతుక్కునేలోపు మనిషి దాటిపోతాడు. దూరం ముందే పెట్టుకోవాలి. ఏపీఎస్-సీ (కాంపాక్ట్‌లలో పెద్ద సైజు) సెన్సార్, 28 ఎంఎం (వెడల్పు) కోణం ఉన్న కెమెరాలో అపర్చర్ ఎఫ్8 (అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నది) పెట్టి, ఫోకస్ 2.5 మీటర్ల దగ్గర ఆపితే సుమారు 1.2 మీటర్ల నుంచి కనుచూపు మేర దాకా స్పష్టంగా వస్తుంది. రికో జీఆర్ అనే కాంపాక్ట్‌లో దీనికోసమే స్నాప్ ఫోకస్ ఉంది. అంతకన్నా చిన్నదైన ఒక అంగుళం సెన్సార్‌కు ఎఫ్4 చాలు. అక్కడా ఎఫ్8 పెడితే వెలుతురు దండగ, పైగా పదును తగ్గుతుంది. నడిచేవాళ్లకు షటర్ 1/250 సెకను, పరుగెత్తేవాళ్లకు 1/500, ఐఎస్ఓ (వెలుతురుకు సెన్సార్ స్పందన) ఆటోలో.

చీకటి పడ్డాక ఈ లెక్క మారుతుంది. అదే ఏపీఎస్-సీ కెమెరాలో ఎఫ్2.8కి తెరిచి 2 మీటర్లు పెడితే స్పష్టత సుమారు 1.5 నుంచి 3 మీటర్ల మధ్యే. ఆ దూరంలోకి మనిషి వచ్చేదాకా ఆగడమే అసలు సాధన. లాడ్‌బజార్ గాజుల కొట్ల ఎల్ఈడీల కింద ఫొటోలో అడ్డచారలు పడుతుంటాయి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి చాలా దీపాలు సెకనుకు 100 సార్లు మిణుకుతాయి. ఎలక్ట్రానిక్ షటర్ ఆపేసి 1/100 లేదా 1/50 పెడితే చారలు చాలావరకు పోతాయి.

పోర్ట్‌ఫోలియోకు (తన పని చూపించే ఫొటోల సంకలనం) మోండా మార్కెట్ లాంటి ఒక్కచోటే నెలల తరబడి తీసి, ఒకదానికొకటి పొసిగే 20 ఫొటోలు ఏరుకోమనండి. చార్మినార్ ముందు పావురాలు వద్దు, ఆ ఫొటో అందరి దగ్గరా ఉంది. పిల్లల ముఖాలు తీస్తే పెద్దవాళ్లను అడగాలి. ప్రకటనకు అమ్మే ఫొటోలో మనిషిని గుర్తుపట్టగలిగితే రాతపూర్వక అనుమతి తీసుకోవాలి.

చదువు ఆపనివ్వకండి. మాసాబ్‌ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ (జేఎన్‌ఏఎఫ్‌ఏయూ)లో బీఎఫ్‌ఏ (ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ) ఫొటోగ్రఫీ 4 ఏళ్ల కోర్సు. ఇంటర్ పాసై ప్రవేశ పరీక్ష రాయాలి. పెద్ద కెమెరా సంగతి అక్కడ చేరాక చూసుకోవచ్చు.