కెమిస్ట్రీ మానేసి డేటా సైన్స్‌లో చేర్పించమంటారా?

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఒక తండ్రి అడిగారు: "మా అమ్మాయి బీఎస్సీ మ్యాథ్స్, స్టాటిస్టిక్స్, కెమిస్ట్రీ ఫైనలియర్. ఆలివ్ ఆయిల్‌లో ఏమేం ఉన్నాయో లెక్కలతో తేల్చే ప్రాజెక్టు తీసుకుంది. మనం వాడేది పల్లీ నూనె, దీంతో ఉద్యోగం ఏమొస్తుంది? అన్నీ ఆపి అమీర్‌పేటలో డేటా సైన్స్ కోర్సు చేయించనా?"

వద్దండీ. అమ్మాయి మంచి టాపిక్కే పట్టింది.

నూనెను తేలిగ్గా ఆవిరయ్యే మిథైల్ ఎస్టర్లుగా మార్చి, అందులోని పదార్థాలను విడదీసే గ్యాస్ క్రొమటోగ్రాఫ్ (జీసీ) మిషన్‌లోకి పంపితే ఒక్కో ఫ్యాటీ యాసిడ్‌కు (కొవ్వు ఆమ్లానికి) గ్రాఫ్‌లో ఒక్కో పీక్, అంటే శిఖరం, వస్తుంది, ఆ పీకుల ఏరియాల నుంచి శాతాలు తీస్తారు. ఆలివ్‌లో ఒలీక్ యాసిడ్డే ఎక్కువ, సాధారణంగా 55 నుంచి 83 శాతం. ఇంతవరకూ కెమిస్ట్రీ, ఇక్కణ్నుంచి స్టాటిస్టిక్స్. ఇటలీ వాళ్లు తమ దేశంలోని 9 ప్రాంతాల ఆలివ్ నూనెల నుంచి 572 శాంపిళ్లు తెచ్చి 8 యాసిడ్లు కొలిచి 1980లలో ప్రచురించారు, ఆ డేటా ఇప్పటికీ 'ఆర్' అనే స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్ ప్యాకేజీల్లో ఉచితంగా దొరుకుతుంది. అందులో ఐకోసినోయిక్ అనే యాసిడ్ చెప్పుకోదగ్గంత ఉంటే అది దక్షిణ ఇటలీ నూనె, లేకపోతే లినోలీక్ చూసి సార్డీనియాదా ఉత్తరాదిదా అని చెప్పేయొచ్చు. కానీ దక్షిణాదిలోనే సిసిలీ నూనెను పక్క ప్రాంతాల నూనె నుంచి విడదీయడానికి ప్రిన్సిపల్ కాంపొనెంట్ ఎనాలిసిస్ (చాలా కొలతలను కొన్నిటిలోకి కుదించి చూసే లెక్క) లాంటివి వేసినా చెమటలు పడతాయి, నేర్చుకునేది అక్కడే.

ఇంకో తిరకాసు. శాతాలన్నీ కలిపితే దాదాపు 100 కాబట్టి ఒలీక్ పెరిగితే మిగతావి తగ్గక తప్పదు. పీక్ ఎలా వస్తుందో చూడని కుర్రాళ్లు ఆ కోరిలేషన్ (ఒకటి పెరిగితే ఇంకోటి తగ్గే సంబంధం) చూసి ఏదో కనిపెట్టామని సంబరపడతారు. అలాగే ఆలివ్ ఆయిల్‌లో హేజెల్‌నట్ నూనె కల్తీ చేస్తే, దాన్ని పట్టుకోవడానికి ఫ్యాటీ యాసిడ్ల లెక్క ఒక్కటే చాలదు, దాని ప్రొఫైల్ ఆలివ్‌కు అంత దగ్గర. ఏం కొలవాలో తెలియనివాళ్లకు కోడింగ్ వచ్చినా అక్కడ ఉపయోగం లేదు.

ఉద్యోగమంటారా, ఈ కెమిస్ట్రీ, స్టాటిస్టిక్స్ రెండూ కలిపిన పనిని కీమోమెట్రిక్స్ అంటారు. ఆ పేరుతో ప్రకటనలు తక్కువే, ఉన్నమాట చెప్తున్నాను. కానీ జీడిమెట్ల, పాశమైలారం ఫార్మా కంపెనీల క్యూసీలో (నాణ్యత పరీక్షల విభాగంలో) పని మొత్తం పీకుల మీదే నడుస్తుంది, మొదట్లో షిఫ్టులు, జీతం మామూలే. నాచారంలో స్టేట్ ఫుడ్ ల్యాబ్, తార్నాక వైపు రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ, పోషకాహార సంస్థ ఎన్ఐఎన్, రాజేంద్రనగర్‌లో నూనెగింజల పరిశోధన సంస్థ, ఇన్ని ఉన్న ఊరు మనది. పీజీ ఎంట్రన్సులు సీపీజెట్ (మన రాష్ట్ర యూనివర్సిటీలకు), జామ్ (ఐఐటీల ఎమ్మెస్సీకి) రెండూ రాయించండి. ఎనలిటికల్ కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ వస్తే నేనైతే అదే తీసుకోమంటాను, 'ఆర్' ఇంట్లో కూర్చుని నేర్చుకోవచ్చు, జీసీ మిషన్ ఇంట్లో పెట్టుకోలేం కదా.

కోర్సు ఫీజు కట్టే ముందు ఒక వారం ఆ 572 శాంపిళ్ల డేటా ఇచ్చి చూడండి. అమ్మాయికి అది విసుగనిపిస్తే మళ్లీ రాయండి, అప్పుడు అమీర్‌పేట సంగతి మాట్లాడుకుందాం. ఇక పల్లీ నూనె అన్నారు కదా, అందులో పామాయిల్ కలిస్తే పామిటిక్ యాసిడ్ పెరుగుతుంది, తర్వాతి ప్రాజెక్టు మీ వంటింట్లోనే ఉంది.