వందేళ్లు దాటిన సంగీతానికి అనుమతి కావాలా?

ప్రశ్న: మా అమ్మాయి హైదరాబాద్‌లో చెల్లో (వయొలిన్ లాంటి పెద్ద తంతివాద్యం) నేర్చుకుంటోంది. హంగరీ స్వరకర్త జోల్టాన్ కోడాయ్ చెల్లో ఒక్కదానికే రాసిన సొనాటాను (వాద్యం కోసం రాసిన పెద్ద రచనను) టికెట్టు పెట్టి జరిపే కచేరీలో వాయించి, ఆ వీడియోను యూట్యూబ్‌లో పెడతానంటోంది. 1915 నాటి రచన కాబట్టి కాపీరైట్ ఎప్పుడో పోయిందని, స్వరలిపి ఇంటర్నెట్‌లో ఉచితంగానే దొరికిందని చెబుతోంది. నిజమేనా?

జవాబు: మీ అమ్మాయి రచన వయసు లెక్క వేసింది. చట్టం స్వరకర్త పోయిన సంవత్సరాన్ని అడుగుతుంది. కాపీరైట్ చట్టం 22వ సెక్షన్ ప్రకారం, ఆయన మరణించిన మరుసటి ఏడాది జనవరి 1 నుంచి 60 ఏళ్లు హక్కు ఉంటుంది. కోడాయ్ ఈ సొనాటా రాశాక అర్ధశతాబ్దం బతికి, 1967 మార్చిలో కన్నుమూశారు. కాబట్టి మన దేశంలో దీనికి 2027 డిసెంబరు 31 దాకా రక్షణ ఉంది.

మరి ఉచితంగా ఎలా దొరికింది? 1921లో అచ్చయిన రచన కావడంతో అమెరికాలో దీని గడువు తీరిపోయింది. యూరోపియన్ యూనియన్‌లో మరణానంతరం 70 ఏళ్లు, అంటే 2037 చివరి దాకా ఉంటుంది. అమెరికాలో గడువు తీరినంత మాత్రాన ఇక్కడ తీరినట్టు కాదు. ఆ ప్రతి పెట్టుకుని ఇంట్లో సాధన చేస్తే మాత్రం ఇబ్బంది లేదు. సొంత వాడకానికి 52వ సెక్షన్ చోటిస్తుంది.

అదే సెక్షన్‌లో ఇంకో రెండు వెసులుబాట్లున్నాయి. విద్యాసంస్థ కార్యక్రమంలో సిబ్బంది, తల్లిదండ్రులు, సంస్థతో సంబంధం ఉన్నవారి ముందు విద్యార్థులు వాయించవచ్చు. ఔత్సాహికుల సంఘం డబ్బు తీసుకోకుండా శ్రోతలకు వినిపించవచ్చు. మీరు చెప్పిన టికెట్టు కచేరీ ఈ రెండింటిలోనూ ఇమడదు. దానికి లైసెన్సు కావాలి. సాధారణంగా నిర్వాహకులే తీసుకుంటారు, కానీ నోటిమాట నమ్మవద్దు. స్వరకర్తల, ప్రచురణకర్తల తరఫున లైసెన్సులిచ్చే ఇండియన్ పెర్ఫార్మింగ్ రైట్ సొసైటీని సంప్రదించి, ఈ రచన తమ పరిధిలో ఉందో లేదో రాతపూర్వకంగా చెప్పించుకోమనండి. తమ పరిధిలో లేదని వాళ్లు చెబితే ప్రచురణకర్తనే అడగాలి. తెలిసి ఉల్లంఘిస్తే ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలని 63వ సెక్షన్ అంటుంది. ఒక విద్యార్థిని విషయంలో అంతదూరం వెళుతుందని భయపెట్టడం నా ఉద్దేశం కాదు. నోటీసు వస్తే జవాబిచ్చుకోవడమే పెద్ద తలనొప్పి.

వీడియో సంగతి వేరు. రికార్డు చేయడం, ప్రజలకు అందుబాటులో పెట్టడం విడివిడి హక్కులు. కచేరీ లైసెన్సులో అవి వాటంతట అవే రావు, ప్రత్యేకంగా అడిగి రాయించుకోవాలి. ఇక తాను వాయించినదానిపై మీ అమ్మాయికి 38వ సెక్షన్ కింద 50 ఏళ్ల ప్రదర్శకురాలి హక్కు పుడుతుంది. రికార్డింగులను పోల్చి చూసే యూట్యూబ్ యంత్రం ఇది వేరెవరి రికార్డింగో అని పొరబడితే, వాయించింది తానేనని అభ్యంతరం చెప్పుకోవచ్చు. స్వరకర్త వారసుల హక్కుకు మాత్రం అది జవాబు కాదు.

తొందర లేకపోతే 2028 జనవరి 1 దాకా ఆగండి. అప్పుడు ఇక్కడ ఎవరినీ అడగనక్కరలేదు. యూరప్ వేదికల మీద వాయించాలంటే మాత్రం ఇంకో పదేళ్లు అనుమతి తప్పదు.